పాలు మరిచిన వేరు

మిట్టమధ్యాహ్నం ఊయల కింద నేల తడిగా తగిలింది. పాప ఉచ్చ పోసిందేమోనని లేచి చూశాను. ఒంటికింది గుడ్డ పొడిగా ఉంది. పాప నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతోంది. పాత గుడ్డతో బండ తుడిచి, మళ్ళీ పక్కనే ఒరిగాను. ఎండ మండిపోతున్న వేళ. ఊరంతా తలుపులు మూసుకుని పడుకుని ఉంది. ఆ తడి ఎక్కడిదని ఆ రోజే ఆలోచించి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

నా పేరు గంగరత్న. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మాన్పించారు. అమ్మకు నడుము పోయింది, ట్యాంకరు వచ్చే వేళకు బిందెలు వరసలో పెట్టడానికి ఇంట్లో ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేనయ్యాను. పెళ్ళయి ఎర్రబండపల్లికి వచ్చినా వరస మారలేదు, బిందెలే మారాయి. కళ్యాణదుర్గానికి పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరి చుట్టూ నలభై మూడు బోర్లున్నాయి. అన్నీ ఎండిపోయినవే. పిల్లలు పడకుండా ఒక్కోదాని మీద ఒక్కో గుండు దొర్లించి పెట్టారు. వాటిలో మా ఇంటి వెనకదే అన్నిటికంటే లోతు, పదకొండు వందల అడుగులు. పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన అరుంధతి మేడం దాన్నే ఎంచుకుంది.

ఆమె జీపు దిగినప్పుడు చేతిలో ఒక గాజుసీసా ఉంది. అందులో తడిపిన దూదిలాంటిది తెల్లగా ముద్దకట్టి ఉంది. ఊళ్ళో కొళాయిల పని చూసే తిప్పేస్వామి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంది మేడమూ, ఎండిన బోరుకు బూజు పట్టిస్తాండారా?"

"బూజే తిప్పేస్వామీ, కానీ బతికున్న గొట్టం లాంటి బూజు. మీ యంత్రం దూరలేని సందుల్లో ఇది దూరుతుంది. రాతి పగుళ్ళలో ఉన్న చెమ్మను చుక్క చుక్కగా పట్టి పైకి మోసుకొస్తుంది."

నమ్మకం కలగనట్టు అతను మా పొలంలోని బండముక్క ఒకటి తెచ్చి ఆమె గాజుపెట్టెలో పెట్టాడు. సీసాలోంచి ఇంత తెల్లదారం తీసి దాని మీద వేసి, రెండో కొస గిన్నెలోకి వదిలింది మేడం. మరునాటికి గిన్నె అడుగున గుక్కెడు నీళ్ళున్నాయి. మా అత్త ఈరక్క వేలు ముంచి నాకి, "ఒరే, రాయి పాలిచ్చింది కదరా!" అంది. అందరూ నవ్వారు. ఆ మాట తర్వాత నన్ను ఎంత భయపెట్టిందో చెప్పలేను.

దారాన్ని బోరులోకి దించి, పైన సిమెంటు తొట్టి కట్టారు. తొట్టి అడుగున దారం బయటికి వచ్చే చోటును మేడం నోరు అనేది. అందరం అలాగే అన్నాం. నీళ్ళు ఎక్కడికి మోయాలో ఆ దారానికి నేర్పాలట. ఇరవై ఒక్క రోజులు, పొద్దుపొడవకముందే, ఆమె ఇచ్చిన క్యాన్లోంచి ఒక్క చెంబు నీళ్ళు నోట్లో పోయాలి. ఆ రుచి తగిలిన చోటే తన వాళ్ళు తాగే చోటని అది గుర్తు పెట్టుకుంటుంది. ఉప్పు మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. గుప్పెడు ఉప్పు పడితే దారం మొత్తం చస్తుంది, మళ్ళీ పుట్టదు. చంటిపిల్ల తల్లిని ఎలాగూ తెల్లవారకముందే లేస్తానని ఆ పని నాకు అప్పగించారు.

తొమ్మిదో రోజు పాపకు నోరు పూసింది. మూడు నెలల పిల్ల. పల్లవి అని పేరు పెట్టుకున్నాం. నాలుక మీద తెల్లగా పొక్కి, రొమ్ము పట్టగానే కేర్ మనేది. నాకు పాలు గడ్డకట్టి జ్వరం వచ్చింది. గిన్నెలోకి పిండి పారబోయబోతే మా అత్త చెయ్యి పట్టుకుంది.

"ఏం చేస్తాండావే? బిడ్డ పాలు తొక్కేచోట పోస్తారా? చీమలు తిన్యాయంటే నీకు పాలు ఇగిరిపోతాయి. పచ్చగా ఉన్న చెట్టు మొదట్లో పొయ్యి."

పచ్చటి చెట్టు ఎక్కడుంది? ఎండాకాలం. వేపచెట్టు కూడా ఆకు రాల్చి నిలబడింది. పెరట్లో తడిగా, ప్రాణంతో ఉన్నది ఒక్క ఆ నోరే. చెంబు నీళ్ళు పోసి, వెనకే పాలు కూడా అందులోనే పోశాను. తెల్లని కొసలు కొద్దిగా కదిలినట్టనిపించింది. ఏడు రోజులు అలాగే చేశాను. పాప నోరు బాగయ్యాక మానేశాను. మేడం అడిగితే "మీరు చెప్పినట్టే చేసినా" అన్నాను. అబద్ధమని అప్పుడు నాకు అనిపించలేదు. పాలు పోయొద్దని ఆమె చెప్పలేదు కదా.

ఇరవై రెండో రోజు తొట్టి నిండింది.

ఆ పొద్దు మా ఊరు ఎట్లా ఉందో ఎవరికీ చెప్పి నమ్మించలేను. ముసలివాళ్ళు తొట్టి పక్కన కూర్చుని ఊరికే చేతులు కడుక్కున్నారు. నీళ్ళు గోరువెచ్చగా, రవ్వంత తియ్యగా ఉన్నాయి. మూడు వందల ఇళ్ళకు కొళాయిలు తిరిగాయి. ట్యాంకరు తోలే మా ఆయన నాగభూషణ ఇంటికి వచ్చి, "ఇంగ నా ట్యాంకరును కోళ్ళగూడు చేసుకోండి" అని నవ్వాడు. నేను పట్టపగలు తలస్నానం చేశాను. ఆరేళ్ళలో మొదటిసారి, నీళ్ళు కొలవకుండా.

రెండు నెలలు గడిచాయి. మొదట మేకలు పాలు తగ్గించాయి. పిల్లలు పొదుగు ముట్టడం లేదని తిప్పేస్వామి పెళ్ళాం మొత్తుకుంది. పిల్లలేమో పొట్టలు ఉబ్బి, గుండ్రంగా, మత్తుగా పడుకుని ఉండేవి. ఒకటి చచ్చిపోయింది. మేత పడలేదనుకున్నారు.

తర్వాత నా పల్లవి. ముఖం నిండుగా వచ్చింది. చేతులకు మడతలు పడ్డాయి. అంగన్‌వాడీలో తూచితే బరువు పెరిగిందన్నారు. మా అత్త ఊరంతా చెప్పుకుంది.

"మా మనవరాలు చూడు, పూరీ మాదిరి పొంగింది!"

కానీ నా దగ్గర తాగడం లేదు. నాలుగు గుక్కలు తాగి తల తిప్పేసుకునేది. గుడ్డలు పూటకు పది తడిపేది, ఆ తడికి రంగుండేది కాదు, వాసనా లేదు. నాకు పాలు తగ్గుతూ వచ్చాయి. ఏమీ తినకుండా పిల్ల లావెక్కడమేంటని నాకు లోపల గుబులు. అత్తతో అంటే కసిరింది.

"గమ్మునుండు. బిడ్డ బాగుంటే కూడా ఏడుపేనా నీకు? నీ మొగుడు మూడేండ్లు నన్ను పీక్కతిన్యాడు. వేపాకు నూరి రొమ్ముకు రాస్తే గానీ మానలేదు. ఇది మంచి పిల్ల, తనంతట తానే మానుకుంటాంది."

నా మనసు ఒప్పుకోలేదు. ఒక రోజు మధ్యాహ్నం నిద్రపోకూడదని నిశ్చయించుకున్నాను. కళ్ళు మూసుకుని చాపమీద పడుకున్నాను. గోడగడియారం తప్ప ఇంట్లో చప్పుడు లేదు. కొంతసేపటికి, చెమట ఆరిన మెడకు చల్లగా గాలి తగిలినట్టయింది. కళ్ళు తెరిచాను.

రెండు కడప బండల మధ్య సందులోంచి తెల్లదారం ఒకటి లేచి నిలబడింది. జొన్నచేలో మొలక నిలబడ్డట్టు, ఏ ఆసరా లేకుండా. అది కొద్దికొద్దిగా ఊగుతూ పైకి సాగింది. ఊయలగా కట్టిన చీర అంచు తడిమింది. లోపలికి వంగింది. పాప పెదాలు కదులుతున్న చప్పుడు వినిపించింది. చప్పరిస్తోంది. గుటక వేస్తోంది.

నా పాలు లాగేస్తోందనుకున్నాను. నా బిడ్డలోంచి నా పాలు. ఒక్కసారిగా లేచి దూకాను. దారాన్ని పట్టుకుని పీకాను. అది చేతిలో తెగి, నీళ్ళు నా మోచేతి దాకా కారాయి. పాల చుక్క లేదు. నీళ్ళు, గోరువెచ్చగా, తియ్యగా.

పాపను ఎత్తుకున్నాను. కళ్ళు పైకి తేలేసి ఉన్నాయి. ఎడమ చెయ్యి కొట్టుకుంటోంది.

మోటారుసైకిలు మీద కళ్యాణదుర్గం ఎట్లా చేరామో నాకు గుర్తులేదు. డాక్టరు నా మీద అరిచాడు.

"చంటిపిల్లకు ఇన్ని నీళ్ళు ఎవరు తాగించమన్నారమ్మా? రక్తంలో ఉప్పు ఎంత పడిపోయిందో తెలుసా? ఇది ఒళ్ళు కాదు, నీరు. పొట్ట నీళ్ళతో నిండితే పాలు ఎక్కడ తాగుతుంది?"

"నేను ఒక్క చుక్క కూడా పట్టలేదు సార్" అన్నాను. ఆయన నమ్మలేదు. సన్నటి నరం వెతికి, ఉప్పునీళ్ళ సీసా కట్టించాడు. ఒక్కో చుక్క పడుతుంటే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. మూడో రోజు పాప గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని మా ఆయన గోడకు తలానించి తనూ ఏడ్చాడు.

మేడం ఆసుపత్రికే వచ్చింది. ఇక దాచలేదు. పిండిన పాలు, తొట్టి, ఏడు రోజులు, అంతా చెప్పాను. ఆమె కోప్పడుతుందనుకున్నాను. తల పట్టుకుని బెంచీ మీద కూలబడింది.

"ఇది నా తప్పు. ఏం పోయాలో చెప్పాను గానీ ఏం పోయకూడదో చెప్పలేదు" అంది.

మరునాడు తన ప్రయోగశాలకు తీసుకెళ్ళింది. గాజుపెట్టెలో మా బోరు దారమే, చిన్న ముక్క. ఒక మూలన గేదెపాల చుక్క వేసింది. దారం మెల్లగా అటు సాగి, దాని మీద ఒక నీటిబొట్టు వదిలింది. ఇంకో మూలన నన్ను ఒక చుక్క పిండమంది. పిండాను. దారం ఆగలేదు. పెట్టె అడ్డంగా పరిగెత్తినట్టు వచ్చి, ఆ చుక్క చుట్టూ చుట్టుకుని, నీళ్ళు వదులుతూనే ఉంది. చుక్క పలచబడి, కరిగి, కనిపించకుండా పోయింది. అయినా మానలేదు.

"అది పాలు దొంగిలించడం లేదు గంగరత్నా. పాల వాసన ఉన్న ప్రతి నోరూ తను నీళ్ళివ్వాల్సిన నోరే అనుకుంటోంది. మేకపిల్లలదైనా, పాపదైనా. దాని దగ్గరున్నది నీళ్ళే, అవే ఇస్తోంది."

ఇవ్వడం కూడా ఇంత భయంగా ఉంటుందని నాకు తెలియదు. దొంగ అయితే తలుపు వేసుకోవచ్చు.

ఊళ్ళో అందరి మాటా ఒకటి కాలేదు. ఇంకా నాలుగు ఇళ్ళలో చంటిబిడ్డలున్నారు. అప్పటికప్పుడు వాళ్ళ తల్లులను పుట్టిళ్ళకు పంపేశారు. మా ఆయన అర బస్తా ఉప్పు తెచ్చి తొట్టి పక్కన దించాడు. తిప్పేస్వామి ఆ బస్తా మీద కూర్చున్నాడు.

"లెయ్ తిప్పన్నా."

"లెయ్యను. నా కూతురు నీళ్ళ కోసం నాలుగు మైళ్ళు నడిచి, ఏడో నెలలో కడుపు పోగొట్టుకునింది. నీ బిడ్డ బిడ్డే, అది బిడ్డ కాదా? మూడు వందల కొంపలు భూషణా."

"నా బిడ్డ చచ్చేదాకా కూర్చుంటావా నువ్వు?"

ఇద్దరూ నా వైపు చూశారు. తిప్పేస్వామి కూతురు బిందెతో పడిపోయిన రోజు పక్కన నడిచింది నేనే. నాకూ అప్పుడు కడుపే. నాకేమీ కాలేదు, అంతే.

"అది పాలు మానాల" అన్నాను. ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట. "బిడ్డకు మాన్పించినట్టే. వేపాకు నూరి."

మా అత్త ముక్కున వేలేసుకుంది. మేడం మాత్రం నవ్వలేదు. "నేర్చింది నీ పాలతో. మరిచేది కూడా నీ పాలతోనే కావాలి. ఇరవై ఒక్క రోజులు. అప్పటికీ మానకపోతే ఉప్పు నేనే పోస్తాను" అంది. తిప్పేస్వామి బస్తా మీద నుంచి లేచాడు.

పాపను ఊరికి తీసుకురాలేదు. కళ్యాణదుర్గంలో మా ఆయన స్నేహితుడి మిద్దె మీద గది ఒకటి ఖాళీగా ఉంటే అందులో అత్తను, పాపను ఉంచాం. నేలకు తగలని ఇల్లు కావాలన్నాను. రోజూ తెల్లవారకముందే మా ఆయన బండిమీద ఊరికి రావడం, నీళ్ళు తీసేసిన తొట్టి దగ్గర పాలు పిండి వేపాకు ముద్ద కలిపి దారం నోట్లో పోయడం, మళ్ళీ పాప దగ్గరికి పరిగెత్తడం. కానీ పాలేవి? పొద్దున పూట పిండితే అర ఉగ్గుగిన్నె. డాక్టరు ఆ పాలే పిల్లకు మందన్నాడు. డబ్బా పాలు పాపకు పడేవి కావు, తాగిందంతా కక్కేది. సగం పాపకు ఉంచి, సగం పోశాను. వారం రోజులకు దారంలో మార్పేమీ లేదు. వేపాకు చేదును పక్కకు నెట్టి, పాల మీదికే వచ్చేది.

"సరిపోవడం లేదు" అంది మేడం.

ఎనిమిదో రోజు మొత్తం పోశాను. గిన్నె చివర అంటుకున్నది కూడా వేలితో తీసి పోశాను. మిద్దె మెట్లెక్కుతుంటే పాప ఆకలి ఏడుపు వినిపించింది. నన్ను చూసి చేతులు చాపింది. ఎత్తుకోకుండా అత్త చేతికి సీసా ఇచ్చి బయట నిలబడ్డాను. కక్కిన చప్పుడు. మళ్ళీ సీసా. మళ్ళీ కక్కిన చప్పుడు. లోపలికి వెళ్ళి రొమ్మిస్తే ఏమవుతుంది, ఒక్క రోజే కదా అని వంద సార్లు అనుకున్నాను. ఆ మెట్ల మీద నేను ఎంత చెడ్డ తల్లినో, లేక మంచి తల్లినో, ఇప్పటికీ తేల్చుకోలేదు.

పన్నెండో రోజు పాపకు విరేచనాలు. బరువు పడిపోయింది. పొంగిన ముఖం పోయి, ముసలమ్మలా అయింది. మా ఆయన బండి ఆపి, "చాలు రత్నా. ఈ రోజు పోసేద్దాం ఉప్పు" అన్నాడు. నేను బండి దిగి నడిచాను. అతను వెనకే మెల్లగా తోలుకుంటూ వచ్చాడు.

పద్నాలుగో రోజు దారం కొస ఒకటి వేపాకు కలిపిన పాలు తాకి ఆగింది. పదిహేడో రోజు వెనక్కి తిరిగింది. ఆపైన నాకు చెంచాడు పాలు కూడా రాలేదు. అత్త మెంతులు నూరి పెట్టింది, వెల్లుల్లి ఉడికించింది. చుక్కలే. ఆ చుక్కలే తెచ్చాను.

ఇరవై ఒకటో రోజు ఊరంతా తొట్టి చుట్టూ ఉంది. ఈసారి వేపాకు కలపొద్దంది మేడం. వట్టి పాలతోనే చూడాలట. తొట్టి వైపు వంగి పిండాను. నిమిషం పట్టింది. ఒక్క చుక్క వచ్చింది. అది పడ్డ చోటి నుంచి తెల్లని కొసలన్నీ, నిప్పు మీద వేసిన వెంట్రుకల్లా ముడుచుకుని, బోరులోకి వెళ్ళిపోయాయి. కాసేపటికి ఇంకో వైపు నుంచి, మేడం క్యాన్ నీళ్ళు పోసిన చోట, కొసలు మళ్ళీ బయటికి వచ్చాయి. తొట్టిలోకి నీళ్ళు ఊరడం మొదలైంది. తిప్పేస్వామి ఉప్పుబస్తాను భుజాన వేసుకుని తీసుకెళ్ళిపోయాడు.

నేను మిద్దె మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. పాపను లాక్కుని రొమ్ము నోటికి పెట్టాను. అది నా ముఖంలోకి చూసింది. వాసన చూసింది. ముక్కు చిట్లించి, తల పక్కకు తిప్పుకుని, అత్త చేతిలోని సీసా కోసం ఏడ్చింది. ఇరవై ఒక్క రోజుల వేపాకు నా రవికెల్లో, వేళ్ళలో, చర్మంలో ఉండిపోయింది. నలుగు పెట్టుకుని పది సార్లు స్నానం చేశాను. అప్పటికి పాలే లేవు.

"ఇద్దరికీ ఒకేసారి మాన్పించినావే" అంది అత్త. వేళాకోళానికే అంది. అని, చెంగుతో ముఖం కప్పుకుంది.

డబ్బా పాలు మెల్లగా పడ్డాయి. పాప కోలుకుంది. ఇప్పుడు పట్టుకుని నిలబడుతోంది. పుట్టిళ్ళకు వెళ్ళిన నలుగురు తల్లులూ తిరిగొచ్చారు. కొళాయి నీళ్ళు ఇప్పుడు కొంచెం చేదు. గొంతులో చివర తగులుతుంది. ఊళ్ళో ఎవరూ ఆ మాట పైకి అనరు. బయటి చుట్టాలు మొదటి గుక్కకే ముఖం చిట్లిస్తే, "మా రాయి నీళ్ళంతే" అంటారు. మేడం నెలకోసారి వచ్చి గాజుపెట్టెలో చుక్కలు వేసి చూసుకుంటుంది. మరిచిందని రాసుకుంటుంది. మరిచింది మళ్ళీ గుర్తొస్తుందా అని అడిగాను. ఆమె పుస్తకం మూసి, "చూస్తూనే ఉండాలి" అంది.

చూస్తూనే ఉన్నాను. రోజూ మిట్టమధ్యాహ్నం, ఊరు పడుకున్నాక, పాప పక్కన ఉప్పుపొట్లం పెట్టుకుని, ఊయల కింద బండల సందులు ఒక్కొక్కటే అరచేత్తో తడిమి చూస్తాను. నేల తడి కావాలని పుట్టినప్పటి నుంచి మొక్కుకున్నదాన్ని. ఇప్పుడు పొడిగా ఉండాలని మొక్కుకుంటూ వేళ్ళు కదుపుతాను. ఈ రోజు పొడిగానే ఉంది. ఇంకా ఆ మూల రెండు బండలు చూడాలి.